కరెంటును వడగడితే పాట మెరుగవుతుందా?

గోడకున్న సాకెట్టుకూ, టీవీ, యాంప్లిఫయర్, సౌండ్‌బార్ వంటి పరికరాలకూ నడుమ అమర్చి, లైనులో వచ్చే కరెంటును శుభ్రం చేసి లోపలికి పంపుతుందని చెప్పి అమ్మే పెట్టెకు పవర్ కండిషనర్ అని పేరు. కొన్ని వేల రూపాయలు మొదలుకొని లక్షల దాకా పలికే ఈ పెట్టెను కొంటే పాటలో స్పష్టత పెరుగుతుందనీ, టీవీ బొమ్మలో నలుపు మరింత చిక్కబడుతుందనీ, ఖరీదైన సామాను కాలిపోకుండా నిలుస్తుందనీ అమ్మకందారులు చెబుతుంటారు. ఈ మూడు మాటల్లో చివరిది వేరు, మొదటి రెండూ వేరు. అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఈ వస్తువు చుట్టూ ఇంత గందరగోళం పేరుకుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో కరెంటుకున్న అసలు జబ్బులు ఒకటైతే ఆ పెట్టె కుదిర్చే జబ్బులు ఇంకొకటి గనుక, హాల్లో పెద్ద టీవీ, దానికి హోమ్ థియేటర్ పెట్టుకున్న కుటుంబాలు ఈ తేడాను తెలుసుకుని ఉండడం చాలా అవసరం.

కండిషనర్ అనే ఒక్క పేరు కింద నాలుగైదు వేర్వేరు పనులు దాగి ఉంటాయి. మొదటిది వడపోత: తీగ చుట్టలనూ కెపాసిటర్లనూ కలిపి కట్టిన ఒక వలయం, సెకనుకు 50 సార్లు ఊగే మన మామూలు సరఫరాకు దారి వదిలి, దాని భుజాలమీద ఎక్కి వచ్చే అధిక పౌనఃపున్యపు రొదను, అంటే సెకనుకు వేల, లక్షల సార్లు ఊగే చిన్న చిన్న అలజడులను, అడ్డుకుంటుంది. రెండవది సర్జ్ రక్షణ: పిడుగు పడినప్పుడో, దగ్గరలో పెద్ద మోటారు ఆగినప్పుడో రెప్పపాటులో వెయ్యో వంతు కూడా ఉండని కాలంపాటు లేచిపడే వోల్టేజి కెరటాన్ని ఇది పక్కకు మళ్లిస్తుంది. మూడవది వోల్టేజిని సరిదిద్దడం, అంటే స్టెబిలైజర్ చేసే పని; ఇది కండిషనర్లన్నింటిలో ఉండదు. నాలుగవది ఐసొలేషన్, అంటే ఇంటి పరికరాలకు లైనుతో నేరుగా తీగ సంబంధం లేకుండా నడుమ ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను నిలపడం. బాగా ఖరీదైనవి కొన్ని వచ్చిన ఏసీ కరెంటును ముందు డీసీగా మార్చి, ఆ డీసీ నుంచి మళ్లీ కొత్త ఏసీని తయారుచేసి ఇస్తాయి. బజారులో కండిషనర్ పేరుతో దొరికేవాటిలో చాలావాటికి తెలిసింది మొదటి రెండు పనులే గనుక, లో వోల్టేజితో విసిగిపోయిన మనిషి అది చూసుకోకుండా కొంటే డబ్బు పోయినా బాధ పోదు.

ఇంతకూ ఈ ప్రాంతపు కరెంటుకు ఉన్న బాధ ఎటువంటిదో ముందు చూడాలి. నల్లమల తూర్పు వాలున, గుండ్లకమ్మ, సగిలేరు పారే ఈ నేలలో కంభం చెరువు వంటి కొద్దిపాటి ఆధారాల కింది ఆయకట్టును మినహాయిస్తే సేద్యమంతా దాదాపు బోర్ల మీదనే సాగుతుంది. నీరు వందల అడుగుల లోతుకు దిగిపోయింది కనుక మోటార్లు పెద్దవి కావలసి వచ్చాయి, వాటి సంఖ్యా పెరిగింది. 5 హార్స్ పవర్ల త్రీ ఫేజు మోటారు మామూలుగా నడిచేటప్పుడు ఒక్కో ఫేజులో సుమారు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. అదే మోటారు నిశ్చల స్థితి నుంచి లేచే మొదటి క్షణాల్లో దానికి ఆరు రెట్లు, అంటే 45 ఆంపియర్ల దాకా లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరంగా సాగిన తీగకు అర ఓము నిరోధం ఉందనుకుంటే, ఆ 45 ఆంపియర్ల ప్రవాహానికి తీగలోనే 22 వోల్టులకు పైగా ఖర్చవుతాయి. అదే తీగ చివరన ఉన్న ఇంట్లో బల్బు ఆ క్షణంలో కునికిపాటు పడినట్టు మసకబారి మళ్లీ తేరుకోవడం బేస్తవారిపేట, కొమరోలు, అర్ధవీడు మండలాల పల్లెల్లో పుట్టి పెరిగినవారికి వివరించి చెప్పవలసిన సంగతి కాదు.

ఈ బాధను తగ్గించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఎత్తున రెండు పనులు జరిగాయి. పొలాలకు పోయే ఫీడర్లను ఊళ్లకు పోయే ఫీడర్ల నుంచి విడదీయడం ఒకటి. 11 కిలోవోల్టుల లైనును మోటార్ల దాకా తీసుకుపోయి, నాలుగైదు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం రెండవది; దీన్నే హై వోల్టేజి పంపిణీ పద్ధతి అంటారు. వీటివల్ల మేలు జరిగింది గాని, ఊరికీ పొలానికీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ పంచుకునే చోట్ల పాత కథ పూర్తిగా ముగియలేదు. 2004 నుంచి ఉచితంగా అందుతున్న వ్యవసాయ విద్యుత్తు నిర్ణీత గంటల్లోనే వస్తుంది కనుక, కరెంటు రాగానే మోటారు తనంతట తాను లేచేందుకు రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. సరఫరా తిరిగి వచ్చిన క్షణంలో ఆ ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారిగా లేవడంతో వోల్టేజి కుంగుతుంది. గంటలు ముగిసి అన్నీ ఒకేసారి ఆగినప్పుడు ఉన్నట్టుండి పైకి లేస్తుంది. పగలు లో వోల్టేజితో బాధపడే ఇంట్లోనే అర్ధరాత్రి హై వోల్టేజి కనిపించడానికి కారణం ఇదే: పగటి బరువును తట్టుకునేలా ట్రాన్స్‌ఫార్మర్‌లో అమర్చిన మెట్టు, ఆ బరువు దిగిపోయిన రాత్రివేళ అవసరానికి మించి వోల్టేజిని ఇస్తుంది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 54వది ఇళ్లకు ఇచ్చే వోల్టేజి ప్రకటించిన దానికంటే 6 శాతానికి మించి పెరగరాదనీ, తరగరాదనీ చెప్పింది. లైను చివరనున్న పల్లెలో మోటార్లు లేచే వేళ ఆ హద్దు నిలవడం కష్టం.

మార్కాపురం పట్టణపు పరిస్థితి కొంత భిన్నం. అక్కడ పలకల కర్మాగారాల కోత యంత్రాలు, నునుపుచేసే యంత్రాలు పగలంతా ఆడుతుంటాయి. అయితే లైన్లు పొట్టివి, ట్రాన్స్‌ఫార్మర్లు పెద్దవి కనుక కుంగుబాటు పల్లెలో ఉన్నంతగా ఉండదు.

ఈ హెచ్చుతగ్గులన్నీ టీవీ బొమ్మనూ పాటనూ పాడుచేస్తాయని జనం నమ్మడానికి ఒక చరిత్ర ఉంది. పిక్చర్ ట్యూబు ఉన్న పాత టీవీల రోజుల్లో వోల్టేజి తగ్గితే బొమ్మ నాలుగు పక్కల నుంచీ కుంచించుకుపోయి, తెర అంచున నల్లటి పట్టీలు కనిపించేవి. ముందుగదిలో టీవీ పక్కన, ముల్లు ఊగే మీటరుతో, లోపల రిలే మారినప్పుడల్లా టక్కుమనే స్టెబిలైజర్ పెట్టె లేని ఇల్లు ఆ కాలంలో అరుదు. కొచ్చిలో 1977లో వి-గార్డ్ అనే సంస్థ మొదలైంది ఈ స్టెబిలైజర్ల తయారీతోనే. అంతకుముందే, 1938లో జోసెఫ్ సోలా అనే అమెరికా ఇంజనీరు కదిలే భాగాలేవీ లేకుండా వోల్టేజిని నిలకడగా ఉంచే ట్రాన్స్‌ఫార్మర్‌ను కనిపెట్టాడు. ఇంట్లో మిక్సీ వేస్తే టీవీ తెరమీద తెల్లటి గీతలు పరుగెత్తడం కూడా ఆ రోజుల జ్ఞాపకమే. మిక్సీ మోటారులో బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వల రొద తీగల వెంటా, గాలిలోనూ ప్రయాణించి యాంటెన్నా సంకేతంలో కలిసిపోయేది. కరెంటు మురికిదైతే బొమ్మ మురికిదవుతుందన్న మాట అప్పటి అనుభవంలో నిజమే.

ఇప్పటి టీవీ లోపలి సంగతి పూర్తిగా వేరు. దానిలోని విద్యుత్ భాగాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. అది లోపలికి వచ్చిన 230 వోల్టుల ఏసీని ముందుగా డయోడ్ల ద్వారా ఒకే దిశకు తిప్పి, ఒక పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీగా నింపుకుంటుంది. తొట్టిలో నీరు నింపుకుని కొళాయికి వదిలినట్టుగా, ఆ నిల్వ నుంచి సెకనుకు వేల పర్యాయాలు తుంచి తుంచి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పంపి, చివరకు సర్క్యూట్లకు కావలసిన 12 వోల్టులనో, 5 వోల్టులనో తయారుచేస్తుంది. బయటికి పోయే వోల్టేజిని అది అనుక్షణం కొలుచుకుంటూ, లోపలికి వచ్చేది తగ్గితే ఎక్కువ సేపు, పెరిగితే తక్కువ సేపు తెరుచుకుని సమం చేసుకుంటుంది. టీవీ వెనుక అంటించిన చీటీని చూస్తే ‘100–240 వోల్టులు’ అని రాసి ఉంటుంది; దాని అర్థం ఇదే. మోటార్ల దెబ్బకు ఇంటి వోల్టేజి 230 నుంచి 180కి పడినా ఆ టీవీ లోపలి 12 వోల్టులు 12గానే ఉంటాయి. ఇక ఆ పైన నడిచేదంతా అంకెల లెక్క. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి హెచ్.డి.ఎం.ఐ. తీగలో పోయేది ఒకట్లూ సున్నలే గనుక, అవి చేరితే బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది. చేరకపోతే చుక్కలు మెరవడమో, తెర నల్లబడడమో జరుగుతుంది. రంగులు కొద్దిగా చిక్కబడడం, మొహాలు కొద్దిగా తేటపడడం అనే నడిమి స్థితి ఆ లెక్కలో లేదు. కాబట్టి కండిషనర్ వల్ల టీవీ బొమ్మ మెరుగైందని చెప్పే మాటకు ఆధారం కనిపించదు.

పాట సంగతిలో కొంచెం ఆగి ఆలోచించాలి. యాంప్లిఫయర్లలో చాలావాటికి ఇప్పటికీ బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, పెద్ద కెపాసిటర్లు ఉండే పాత పద్ధతి విద్యుత్ భాగమే ఉంది. దీనికి తనంతట తాను సమం చేసుకునే గుణం లేదు. వోల్టేజి 10 శాతం తగ్గితే దాని గరిష్ఠ శక్తి సుమారు 19 శాతం తగ్గుతుంది, ఎందుకంటే శక్తి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. అయితే ఇంట్లో మామూలుగా వినే స్థాయిలో యాంప్లిఫయర్ తన గరిష్ఠ శక్తిలో చిన్న భాగాన్నే వాడుతుంది కనుక ఆ లోటు చెవికి తెలియదు. పెళ్లిళ్లలో మాదిరిగా పూర్తి శబ్దం పెట్టి మోగించినప్పుడే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. ఆ లోటును వడపోత పెట్టె ఏమాత్రం తీర్చలేదు, స్టెబిలైజర్ తీర్చగలదు. ఇక లైనులోని రొద విషయానికి వస్తే, యాంప్లిఫయర్ తయారీదారులకు కరెంటు ఎప్పుడూ శుద్ధంగా రాదని తెలుసు. సరఫరాలోని అలజడిని పాటలోకి రానీయకుండా తోసిపుచ్చే శక్తి ప్రతి సర్క్యూట్‌కూ ఒకటి ఉంటుంది. వోల్టేజి సూక్ష్మంగా అటూ ఇటూ ఊగినా, చక్కగా రూపొందించిన సర్క్యూట్‌లో ఆ ఊగిసలాట వేల వంతులకు, ఒక్కోసారి లక్ష వంతులకు తగ్గి గాని బయటికి రాదు. కండిషనర్ తగ్గించేది అప్పటికే తగ్గిపోయినదాన్ని.

అయినా స్పీకర్లలో గుయ్యిమనే రొద చాలా ఇళ్లలో వినిపిస్తుంది, దాన్ని వదిలించుకోవాలనే కండిషనర్ కొనేవారే ఎక్కువ. ఆ రొదలో అత్యధిక భాగం కరెంటు మురికి వల్ల పుట్టేది కాదు, ఎర్తు చుట్టు వల్ల పుట్టేది. యాంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్తుకు కలిసి ఉంటుంది. స్తంభాల మీదుగా వచ్చే కేబుల్ టీవీ తీగ పైపొర ఇంకెక్కడో ఎర్తుకు కలిసి ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు, టీవీ, ఆడియో తీగ ద్వారా ఈ రెండు ఎర్తులూ ఒకదానికొకటి ముడిపడతాయి. రెండు చోట్ల నేల వోల్టేజి ఒకే స్థాయిలో ఉండదు గనుక ఆ చుట్టులో 50 హెర్ట్జ్ కరెంటు సన్నగా పారుతూ, పాట వచ్చే తీగలోనే కలిసి స్పీకరులో గుయ్యిమంటుంది. దీన్ని కనిపెట్టడానికి ఖర్చేమీ లేదు: రొద వస్తుండగా సెట్‌టాప్ బాక్సు వెనుక నుంచి కేబుల్ తీగను మర తిప్పి ఊడదీయాలి. రొద ఠక్కున ఆగితే దోషి దొరికినట్టే. కేబుల్ తీగలో పెట్టే చిన్న ఐసొలేటర్‌తోనో, టీవీ నుంచి యాంప్లిఫయర్‌కు రాగి తీగకు బదులు ఆప్టికల్ తీగ వేయడంతోనో పని పూర్తవుతుంది. ఆప్టికల్ తీగలో వెళ్లేది వెలుగే గనుక ఎర్తులు కలిసే దారే ఉండదు. రొద వదిలించుకోవడానికి ప్లగ్గులోని ఎర్తు పిన్ను విరిచేయడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ఆ పని ఎవరు సలహా ఇచ్చినా చేయకూడదు.

ఎర్తే లేని ఇంటి కథ ఇంకొకటి. సెట్‌టాప్ బాక్సు ఇనుప వీపునో, యాంప్లిఫయర్ ముందు పలకనో వేలి వెనుక భాగంతో రాసినప్పుడు సన్నగా జివ్వుమనడం చాలామందికి అనుభవం. పరికరం లోపలి వడపోతలో లైను నుంచి ఒంటికి, న్యూట్రల్ నుంచి ఒంటికి రెండు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. లైనులోని రొదను ఎర్తులోకి దింపడం వాటి పని. ఎర్తు లేకపోతే దిగడానికి చోటు లేక, పరికరం ఒళ్లు లైను వోల్టేజిలో దాదాపు సగానికి, అంటే 115 వోల్టుల దగ్గరకు తేలుతుంది. అందులో పారే కరెంటు మిల్లీ ఆంపియరు కంటే తక్కువ గనుక ప్రమాదం కాదు గాని జివ్వుమంటుంది, రొదనూ పెంచుతుంది. కండిషనర్‌లో ఉండేవి ఇంకా పెద్ద కెపాసిటర్లు. సరైన ఎర్తు లేని ఇంట్లో దాన్ని పెడితే, అది పోగుచేసిన రొదనంతటినీ ఒకే ఎర్తు పట్టీ ద్వారా దానికి కలిపిన పరికరాలన్నిటి ఒళ్లమీదికీ పంచుతుంది. ఎర్తు సరిచేసుకోకుండా కొన్న కండిషనర్ మేలు చేయకపోవడమే కాదు, కీడు చేసే వీలుంది.

ఎర్తు ప్రస్తావన వచ్చినప్పుడు ఈ నేల స్వభావాన్ని వదిలేయడానికి లేదు. మార్కాపురం పలకలకు పుట్టినిల్లైన రాతి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరే పెట్టారు. కడప హరివాణంలోని నల్లమల వర్గపు శిలల్లో ఒక ప్రధాన భాగాన్ని కంభం ఫార్మేషన్ అంటారు. పొరలు పొరలుగా చీలే ఈ పలకరాయి ఎండితే కరెంటుకు దారి ఇవ్వదు. నేలలో విద్యుత్తును మోసేది తేమ, ఆ తేమలో కరిగిన లవణాలు. నల్లరేగడిలో సులువుగా కుదిరే ఎర్తు ఈ రాతి నేలలో కుదరాలంటే గుంత లోతుగా తవ్వి, రెండున్నర మీటర్ల జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరుసలుగా నింపి, పైన గరాటు పెట్టి ఎండాకాలమంతా నీళ్లు పోస్తూ ఉండాలి. ఇల్లు కట్టినప్పుడు గుంత తీసి, పైన బండ పరిచి, తర్వాత ఆ సంగతే మరిచిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి. పైపుకు తీగ బిగించిన బోల్టు తుప్పుపట్టి, వేలితో కదిపితే ఊడివచ్చే స్థితిలో ఉంటే, ఇంట్లో ప్రతి సాకెట్టుకూ మూడో రంధ్రం ఉన్నా అది అలంకారమే.

ఎర్తు ఉన్నదో లేదో చూడడానికి ఫేజుకూ ఎర్తుకూ నడుమ బల్బు వెలిగించి చూసి, వెలిగింది కనుక బాగుందని చెప్పే అలవాటు ఎలక్ట్రీషియన్లలో ఉంది. అది చాలని పరీక్ష. 100 వాట్ల బల్బు తీసుకునేది అర ఆంపియరు కూడా కాదు. ఎర్తు నిరోధం 50 ఓములున్నా అందులో 20 వోల్టుల చిల్లరే పోయి, బల్బు దాదాపు మామూలుగానే వెలుగుతుంది. అదే ఎర్తు మీద నిజంగా ఫేజు తీగ పరికరపు ఇనుప ఒంటికి తగిలితే 230ని 50తో భాగించగా వచ్చే 4.6 ఆంపియర్లు మాత్రమే పారతాయి, 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, ఆ ఒళ్లు ప్రాణాంతకంగా అలాగే నిలుస్తుంది. ఎర్తు నిరోధాన్ని కొలిచే మీటరుతో కొలిపించుకోవడం, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్.సి.సి.బి.ని ఇంటి బోర్డులో పెట్టించుకోవడం ఈ ప్రాంతపు ఇళ్లకు ఏ ఆడియో పరికరం కంటే ముందు రావలసిన ఖర్చులు.

ఇక సామాను కాలిపోవడం అనే మూడో మాట. ఇది భయపెట్టి అమ్మడానికి పుట్టించిన మాట కాదు. 2018 ఏప్రిల్‌లో ఒక రోజు 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్ మీద 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ యంత్రాంగం నమోదు చేసింది. వేసవి చివరలో సాయంత్రపు గాలివానలు, ఈశాన్య రుతుపవనాల నాటి ఉరుములు నల్లమల అంచు పల్లెలకు కొత్త కాదు. సర్జ్ రక్షణ పరికరాల గుండెకాయ ఎం.ఓ.వి. అనే బిళ్ల. జింకు ఆక్సైడ్‌ను కాల్చి చేసే ఈ బిళ్లను 1960ల చివరలో జపాన్‌లోని మత్సుషిత సంస్థ పరిశోధకులు రూపొందించారు. మామూలు వోల్టేజి వద్ద అది కరెంటును దాదాపుగా పారనివ్వదు. వోల్టేజి హద్దు మీరగానే తలుపు తెరిచి ఆ కెరటాన్ని తనలోంచి మళ్లిస్తుంది. తెరిచిన ప్రతిసారీ అది కొంత అరిగిపోతుంది. కొన్ని కెరటాల తర్వాత బయటికి ఏమీ తెలియకుండానే పనికిరాకుండా పోతుంది. దాని మీద చిన్న దీపం ఉండి, అది ఆరితే మార్చాలని సూచించే రకాన్నే కొనడం మంచిది. మీటరు పక్కనున్న ప్రధాన బోర్డులోనే బిగించే టైప్ 2 రకపు సర్జ్ రక్షకం, మంచి ఎర్తుతో కలిపితే, టీవీనే కాకుండా ఫ్రిజ్‌నూ, మోటారు స్టార్టర్‌నూ కూడా కాపాడుతుంది. ఎర్తు లేనిచోట ఆ కెరటాన్ని ఎక్కడికి మళ్లించాలన్నా దారి ఉండదు.

కెరటం కరెంటు తీగ గుండానే రావాలన్న నియమమూ లేదు. మేడమీది డిష్ యాంటెన్నా నుంచి దిగే తీగ, స్తంభాల మీదుగా వచ్చే కేబుల్ తీగ కూడా దానికి ద్వారాలే. కండిషనర్‌లో పెట్టిన టీవీ కూడా ఆ వెనుక ద్వారం గుండా, ముందు సెట్‌టాప్ బాక్సు, తర్వాత హెచ్.డి.ఎం.ఐ. మూతి కాలి పాడవడం ఇందుకే. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ వంటి గాజు తంతి కనెక్షన్లలో ఈ బెడద చాలావరకు లేదు, గాజు విద్యుత్తును మోయదు కనుక. దాని పెట్టెకు కరెంటిచ్చే చిన్న అడాప్టర్ మాత్రం లైనుకు తగిలే ఉంటుంది. ఉరుములు దగ్గరపడగానే ప్లగ్గునూ, కేబుల్ తీగనూ రెండింటినీ ఊడదీయడానికి సాటివచ్చే పరికరం ఏ ధరకూ దొరకదు.

పిడుగు కంటే తరచుగా సామానును బలితీసుకునేది న్యూట్రల్ తెగడం. స్తంభం మీద నాలుగు తీగల్లో మూడు ఫేజులు, ఒకటి న్యూట్రల్. ఒక్కో ఇల్లు ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ ఉంటుంది గనుక 230 వోల్టులు అందుతాయి. గాలివానకు చెట్టుకొమ్మ పడో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బిగింపు వదులై కాలిపోయో న్యూట్రల్ తెగితే, రెండు వేర్వేరు ఫేజుల ఇళ్లు ఒకదాని వెనుక ఒకటిగా ముడిపడి 400 వోల్టులను తమ మధ్య పంచుకోవలసి వస్తుంది. ఎక్కువ సామాను నడుస్తున్న ఇంటికి తక్కువ వోల్టేజి, ఒక్క టీవీ, రెండు బల్బులు నడుస్తున్న ఇంటికి 300 దాటిన వోల్టేజి దక్కుతాయి. బల్బులు ఒక్కసారి తెల్లగా భగ్గుమని పోవడం, ఫ్యాను విమానంలా తిరగడం, వీధిలో ఒక పక్క ఇళ్లకు మసక, ఇంకో పక్క ఇళ్లకు మితిమీరిన వెలుగు రావడం దీని గుర్తులు. ఇది క్షణకాలపు కెరటం కాదు, లైన్‌మన్ వచ్చి సరిచేసేదాకా నిమిషాలు, ఒక్కోసారి గంటలు సాగే దాడి. ఎం.ఓ.వి. బిళ్ల దీన్ని ఆపలేదు. అంతసేపు తలుపు తెరిచి ఉంచి వేడెక్కి తానే కాలిపోతుంది, నాసిరకం పెట్టెలో అయితే నిప్పుకూ కారణమవుతుంది. ఇక్కడ కావలసింది వోల్టేజి నిర్ణీత హద్దు దాటగానే మొత్తం ఇంటి సరఫరాను తెంచి, అది నిలకడపడ్డాక కొంత ఆగి మళ్లీ కలిపే వోల్టేజి ప్రొటెక్టర్. మంచి స్టెబిలైజర్లలో హై కట్ పేరుతో ఉండేదీ ఇదే. లక్షలు పోసి కొన్న కండిషనర్‌లో ఈ ఒక్క సదుపాయం లేకపోతే, కొన్ని వేలకు దొరికే ప్రొటెక్టర్ దానికంటే ఎంతో విలువైనది.

ఇన్వర్టర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. కరెంటు పోయినప్పుడు ఫ్యాను గుర్రుమంటూ, యాంప్లిఫయర్ గరగరమంటూ ఉంటే, ఆ ఇంట్లో ఉన్నది స్క్వేర్ వేవ్ రకపు ఇన్వర్టర్ అయి ఉంటుంది. అది ఇచ్చే కరెంటు నున్నగా లేచి దిగే అలగా కాకుండా మెట్లలా నిటారుగా లేచి పడుతుంది. ఆ పదునైన అంచుల్లో వందల, వేల హెర్ట్జ్‌ల రొద దాగి ఉండి ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లనూ మోటార్లనూ మూలిగిస్తుంది. తర్వాతిసారి సైన్ వేవ్ రకం తీసుకుంటే సరిపోతుంది, దాని మీద కండిషనర్ బరువు అక్కర్లేదు.

ఇంత చెప్పినా, వడపోతకు నిజమైన చోటు ఒకటి రెండు మిగిలే ఉన్నాయి. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ ప్రసారాన్ని ప్లగ్గు పెట్టిన రేడియోలో వినేవారికి, ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లూ ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లూ పుట్టించే రొద నేరుగా ఆ పౌనఃపున్యాల్లోనే పడుతుంది. మంచి లైను ఫిల్టర్ పెడితే తేడా చెవికి తెలుస్తుంది. ఎఫ్.ఎం.లో సమాచారం తరంగపు ఎత్తులో కాకుండా దాని పౌనఃపున్యపు మార్పులో ఉంటుంది కనుక మార్కాపురం ఎఫ్.ఎం. వినేవారికి ఆ అవసరమూ తక్కువే. గ్రామఫోను రికార్డులను అతి సున్నితమైన ప్రీయాంప్లిఫయర్‌తో వినేవారికీ, పాటలు రికార్డు చేసే గదులకూ, జనరేటర్ మీద నడిచే ఫంక్షన్ హాళ్ల మిక్సర్లకూ వడపోత, ఐసొలేషన్ అక్కరకు రావచ్చు.

తన వ్యవస్థకు అది ఉపకరిస్తుందో లేదో తేల్చుకోవాలనుకున్నవారికి సులువైన పద్ధతి ఉంది. దుకాణం నుంచి తిరిగి ఇచ్చే షరతుమీద పెట్టెను తెచ్చి, వినేవారు గోడవైపు తిరిగి కూర్చుంటే, ఇంట్లో వేరొకరు బొమ్మో బొరుసో వేసి ఒకసారి పెట్టె ద్వారా, ఒకసారి నేరుగా, అదే పాటను అదే శబ్ద స్థాయిలో 10 సార్లు వినిపించాలి. వినేవారు ఏది ఏదో కాగితం మీద రాసుకోవాలి. కేవలం ఊహతో 10కి 9 గాని, 10 గాని సరిగ్గా చెప్పే అవకాశం నూటికి ఒకటి మాత్రమే గనుక, అన్ని సరిపోతే పెట్టె పనిచేస్తున్నట్టు. 5, 6 సరిపోతే చెవికి తేడా లేనట్టు. డబ్బు పోసి కొన్న వస్తువును చూస్తూ విన్నప్పుడు అది బాగున్నట్టు అనిపించడం మనిషి స్వభావం, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అందుకే చూడకుండా వినడం అవసరం.

పాట నిజంగా ఎక్కడ చెడుతోందో వెతికితే జవాబు ఎక్కువగా గదిలోనే దొరుకుతుంది. కడప బండలో, గ్రానైట్ పలకలో పరిచిన నేల, సిమెంటు గోడలు, పైన కాంక్రీటు కప్పు, పరదాలు లేని పెద్ద కిటికీ ఉన్న హాల్లో చప్పట్లు కొడితే ఆ శబ్దం గోడకు కొట్టుకుని ఖణేల్మని తిరిగివస్తుంది; స్పీకర్ల నుంచి వచ్చే ప్రతి మాటకూ అదే గతి. సినిమాలో సంభాషణ అర్థం కాక శబ్దం పెంచుకుంటూ పోయే ఇళ్లలో తప్పు కరెంటుది కాదు, ఆ ప్రతిధ్వనిది. స్పీకర్లను మూలల నుంచి రెండడుగులు ముందుకు జరిపి, వాటికీ సోఫాకూ నడుమ మందపాటి జంపఖానా పరిచి, ఎదుటి గోడకు బరువైన పరదా వేసి మళ్లీ చప్పట్లు కొట్టి చూస్తే, వెనక్కి వచ్చే శబ్దం పొడిగా, పొట్టిగా మారడం పక్కగదిలో ఉన్నవారికి కూడా తెలుస్తుంది.